బడి మానేసే పిల్లలు, బడికొచ్చే పెద్దలు

వారానికోసారి, ఓ గంటపాటు, బయటి నుంచి ఒక మనిషి బడికొచ్చి ఒక్క పిల్లవాడితో కూర్చుంటాడు. పాఠం చెప్పడు, మార్కులు వేయడు, తల్లిదండ్రులకు ఫిర్యాదు చేయడు. స్కూల్ మెంటరింగ్ అంటే స్థూలంగా ఇంతే. ఇంత సాదాసీదా పని వెనక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, కోట్ల డాలర్ల ప్రభుత్వ ఖర్చు ఉంది, వేలమంది పిల్లల మీద జరిగిన అధ్యయనాలున్నాయి. వాటి ఫలితాలే ఒకదానితో ఒకటి పొసగవు. ఒక అధ్యయనం బ్రహ్మాండంగా పనిచేసిందంటుంది. ఇంకొకటి ఏ తేడా కనిపించలేదంటుంది. మరొకటి ఏకంగా కీడు జరిగిందంటుంది. మూడింటినీ పేరున్న పరిశోధకులే చేశారు, మూడింట్లోనూ లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. చిక్కుముడి అక్కడే ఉంది.

మెంటర్ అంటే ట్యూటర్ కాదు, కౌన్సెలర్ కాదు. ట్యూటర్‌కు సిలబస్ ఉంటుంది. కౌన్సెలర్‌కు చదువు, లైసెన్సు, కేసు ఫైలు ఉంటాయి. మెంటర్‌కు ఉండేదల్లా తీరిక, ఓపిక, మాట మీద నిలబడే గుణం. మెంటర్‌ను ఏ పిల్లలకు ఇస్తారంటే, తరచూ బడి ఎగ్గొట్టేవాళ్లకు, అమ్మానాన్నల్లో ఒకరిని పోగొట్టుకున్నవాళ్లకు, ఇంట్లో ఎవరైనా జైలుకెళ్లినవాళ్లకు, బంధువుల ఇళ్లలోనో సంరక్షణ గృహాల్లోనో పెరుగుతున్నవాళ్లకు, ఊళ్లు మారుతూ ఏటా కొత్త బడిలో చేరేవాళ్లకు. గొడవ చేసే పిల్లలు టీచర్ల కంట్లో ముందే పడతారు కాబట్టి వాళ్ల పేర్లు జాబితాకు ఎక్కుతాయి. వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చునే పిల్ల పేరు మాత్రం చాలాసార్లు ఎవరికీ తట్టదు.

ఈ ఆలోచనకు బలమైన ఆధారం మెంటరింగ్ అధ్యయనాల నుంచి రాలేదు. హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమీ వెర్నర్, ఆమె సహచరి రూత్ స్మిత్ దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, తాగుడు, తల్లిదండ్రుల మధ్య గొడవలు, పుట్టుక సమయంలో ఇబ్బందులు ఇలాంటివి ఒకటికి నాలుగు చుట్టుముట్టిన పిల్లల్లో కూడా మూడోవంతు మంది స్థిమితమైన, సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వాళ్లలో తరచూ కనిపించిన విషయం ఒకటుంది. తల్లిదండ్రులు ఆదుకోలేకపోయినా అమ్మమ్మో, మేనత్తో, పక్కింటాయనో, టీచరో, ఎవరో ఒక పెద్ద దిక్కు ఆ పిల్లలకు ఉన్నారు.

ఇది చదివిన ఎవరికైనా తట్టే ఆలోచన ఒకటే: దిక్కు లేని పిల్లలకు మనమే ఒకరిని చూసిపెడితే సరిపోతుంది కదా! కానీ కవాయి పిల్లలకు ఆ పెద్దలను ఏ సంస్థా కేటాయించలేదు. వాళ్లంతట వాళ్లే తారసపడ్డారు, ఏళ్ల తరబడి కనుచూపు మేరలో ఉన్నారు, సెలవులొస్తే మాయం కాలేదు. ఫారం నింపించి, జోడీ కట్టి, బుధవారం మూడో పీరియడ్‌కు కుదిర్చిన బంధం కూడా అలాగే పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. అధ్యయనాలన్నీ తిరిగేది ఈ ప్రశ్న చుట్టూనే.

బయట మొదలై బడిలోకి

సంస్థాగతమైన మెంటరింగ్ బడిలో పుట్టలేదు. 1904లో న్యూయార్క్ బాలల కోర్టులో క్లర్కుగా ఉన్న ఎర్నెస్ట్ కౌల్టర్, కోర్టు మెట్లెక్కుతున్న కుర్రాళ్లను చూసి, ఒక్కొక్కరికి ఒక్కో పెద్దమనిషి అన్నలా తోడుండాలని నగరంలోని పెద్దలను కోరాడు. ఆడపిల్లల కోసం అలాంటి ప్రయత్నాన్నే స్త్రీలు మొదలుపెట్టారు. ఈ రెండు పాయలు 1977లో కలిసి బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే ఒకే సంస్థ అయ్యాయి. వీళ్ల పాత పద్ధతిలో మెంటర్ పిల్లవాడిని ఇంటి నుంచి బయటికి తీసుకెళ్తాడు. పార్కుకు, ఆటకు, ఒక్కోసారి తన పనిచోటుకు.

1995లో వచ్చిన అధ్యయనం పరిశీలించింది ఈ పద్ధతినే. పది నుంచి పదహారేళ్ల మధ్య వయసున్న 959 మంది పిల్లలను లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే మెంటర్లను ఇచ్చారు, రెండో గుంపును ఏడాదిన్నర వెయిటింగ్ లిస్టులో ఉంచారు. మెంటర్ ఉన్న పిల్లల్లో కొత్తగా డ్రగ్స్ ముట్టుకోవడం 46 శాతం, బడి ఎగ్గొట్టడం 52 శాతం తక్కువగా తేలాయి. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఇలాంటి శాతాలను కాస్త నిదానంగా చదవాలి. మెంటర్ లేనివాళ్లలో నూటికి పదకొండు మంది దాకా డ్రగ్స్ మొదలుపెడితే, ఉన్నవాళ్లలో ఆరుగురు దాకా మొదలుపెట్టారు. 46 శాతం అంటే ఆ తేడా. అది చిన్నదేమీ కాదు, అలాగని నూటికి 46 మంది పిల్లలు బాగుపడ్డారనీ కాదు.

ఈ ఫలితం చూపించి మెంటరింగ్‌ను విపరీతంగా పెంచారు, పెంచింది మాత్రం బడుల్లో. కారణాలు అర్థం చేసుకోదగ్గవే. అందరి కళ్లెదుట జరుగుతుంది కాబట్టి పిల్లల భద్రతకు భరోసా ఉంటుంది. ఖర్చు తక్కువ. ఆఫీసు నుంచి మధ్యాహ్నం ఓ గంట వచ్చి వెళ్లే వలంటీర్లు తేలిగ్గా దొరుకుతారు. అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటుంది. బయటి పద్ధతిలో పిల్లవాడి తరఫున ఇంట్లోవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. అంత పట్టించుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆ పిల్లవాడి పరిస్థితి ఎంతో కొంత నయమన్నట్టే. బడిలో అయితే టీచరే పేరు సూచిస్తారు కాబట్టి, ఎవరూ దరఖాస్తు పెట్టని పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు.

పేరు అదే, సరుకు మారింది. 1995 అధ్యయనంలో జంటలు సాధారణంగా నెలకు మూడుసార్లు, కలిసిన ప్రతిసారీ మూడు నాలుగు గంటలు గడిపాయి. బడిలో వారానికో గంట, అందులోనూ గంట కొట్టాక పిల్లవాడిని వెతికి తెచ్చేసరికి పది నిమిషాలు పోతాయి. పరీక్షలు, సెలవులు, వార్షికోత్సవం రిహార్సళ్లు తీసేస్తే మిగిలేది ఎంతో ఏ టీచరునడిగినా చెబుతారు.

రెండు పెద్ద పరీక్షలు

బడిలో జరిగే మెంటరింగ్ మీద మొదటి పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థకే చెందిన పది శాఖలు నడిపిన కార్యక్రమాలు, 1,139 మంది పిల్లలు, నాలుగు నుంచి తొమ్మిదో తరగతి దాకా. మొదటి ఏడాది చివర మెంటర్ ఉన్న పిల్లలు క్లాసు పని మెరుగ్గా చేస్తున్నారనీ, పెద్ద తప్పులు చేసి పట్టుబడటం తగ్గిందనీ టీచర్లు చెప్పారు. బడి ఎగ్గొట్టడమూ తగ్గింది. బడి గేటు దాటాక మాత్రం ఏ మార్పూ లేదు. ఇంట్లో సంబంధాలు, తమ మీద తమకున్న గౌరవం, చెడు అలవాట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే చదువులో వచ్చిన లాభాలు కూడా చాలావరకు ఆవిరైపోయాయి, బడి ఎగ్గొట్టడంలో వచ్చిన తగ్గుదల మాత్రం మిగిలింది.

రెండోది ఇంకా నిరాశ కలిగించింది. అమెరికా విద్యాశాఖ నిధులతో నడిచిన 32 కార్యక్రమాల్లో 2,573 మంది పిల్లలను పరిశీలించి 2009లో నివేదిక ఇచ్చారు. చదువు, ప్రవర్తన, స్నేహాలు కలిపి 17 అంశాలు కొలిచారు. మొత్తం మీద చూస్తే ఒక్కదాంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తర్వాత ఆ పథకానికి నిధులు ఆగిపోయాయి.

నివేదిక లోపలికి వెళ్తే కథ ఇంత తేలిక కాదు. మెంటర్ ఇవ్వకూడదనుకున్న గుంపులోనూ కొందరికి వేరే చోట మెంటర్లు దొరికారు, దాంతో పోలిక పలచబడింది. అంతకంటే ముఖ్యమైనది కాలం. ఈ అధ్యయనంలో ఒక్కో జంట కలిసి ఉన్నది సగటున ఆరు నెలల లోపే. 2007 దాంట్లో మొదటి ఏడాది సగటు అయిదు నెలలు. బడి తెరిచాక పిల్లలను ఎంపిక చేసి, ఇంటి నుంచి సంతకాలు తెప్పించి, వలంటీర్ల పోలీస్ వెరిఫికేషన్ ముగించి, శిక్షణ ఇచ్చి జోడీ కట్టేసరికి విద్యా సంవత్సరంలో మూడో వంతు కరిగిపోతుంది. చివర పరీక్షల నెల కూడా పోతుంది. నడిమధ్య మిగిలినదే ఆ అయిదు నెలలు. పిల్లవాడు నోరు విప్పే సమయానికి వేసవి సెలవులు. నన్నడిగితే ఈ కార్యక్రమాలకు అసలు శత్రువు స్కూల్ క్యాలెండరే.

కాలం ఎందుకంత ముఖ్యమో 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు చూపించారు. 1995 అధ్యయనంలోని సమాచారాన్నే మళ్లీ తీసి, జంటలు ఎంతకాలం నిలిచాయన్న దాన్ని బట్టి పిల్లలను విడదీసి చూశారు. ఏడాదికి పైగా నిలిచిన జంటల్లో పిల్లలకు మేలు ఎక్కువ. మూడు నెలల లోపు తెగిపోయిన వాటిలో పిల్లలు అసలు మెంటరే లేని పిల్లలకంటే వెనకబడ్డారు, తమ మీద తమకున్న విలువ తగ్గింది. దీన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి, ఎందుకంటే కష్టాల్లో బాగా మునిగిన పిల్లల జంటలే త్వరగా తెగిపోతాయి. పరిశోధకులు ఆ తేడాను గణితంతో సరిచేయడానికి ప్రయత్నించారు, పూర్తిగా సరిచేయడం ఎవరి వల్లా కాదు. అయినా తర్కం నిలబడుతుంది. అప్పటికే ఒకరిద్దరు పెద్దలు వదిలేసి వెళ్లిన పిల్లవాడి జీవితంలోకి ఇంకో పెద్దను తెచ్చి, మూడు నెలలకే మాయం చేస్తే, వాడు నేర్చుకునేది ఏమిటో మనం ఊహించగలం.

మరి ఎక్కువ కాలం ఉంటే చాలా? చాలదు. అమెరికాలోనే బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్, సోమర్విల్ పట్టణాల్లో 1939లో ఒక ప్రయోగం మొదలైంది. 506 మంది కుర్రాళ్లు, సగం మందికి ఒక్కొక్క కౌన్సెలర్. వాళ్లు ఇళ్లకు వెళ్లేవాళ్లు, చదువులో సాయం చేసేవాళ్లు, డాక్టర్లకు చూపించేవాళ్లు. సగటున అయిదేళ్లకు పైగా సాగింది. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకున్నారు. చాలామంది తమకు మేలు జరిగిందనే చెప్పారు. రికార్డులు చూస్తే సాయం అందిన గుంపు ఏ విషయంలోనూ మెరుగ్గా లేదు, తాగుడు, తీవ్రమైన మానసిక జబ్బులు, చిన్న వయసులో చావు లాంటి కొన్నింట్లో ఇంకా అధ్వాన్నంగా ఉంది. 1978లో ఈ సంగతి అచ్చయింది. తర్వాతి విశ్లేషణలో ఒక కారణం బయటపడింది. చెడు ఫలితాలు ఎక్కువగా కనిపించింది వేసవి శిబిరాలకు మళ్లీ మళ్లీ పంపిన కుర్రాళ్లలో. ఇబ్బందుల్లో ఉన్న కుర్రాళ్లందరినీ ఒకచోట చేర్చితే ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నది ఏమిటన్నదే ప్రశ్న. ‘మెంటర్ క్లబ్’ పేరుతో బడిలోని గొడవ పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టే కార్యక్రమం ఎక్కడ చూసినా ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

అన్ని అధ్యయనాలనూ కలిపి సగటు తీసే పని కూడా జరిగింది. 2011లో 73, 2019లో 70 మూల్యాంకనాలను గుదిగుచ్చిన రెండు సమీక్షలు ఒకే అంకె దగ్గర ఆగాయి: ప్రభావం ఎంతో చెప్పే గణాంక కొలతలో 0.21. మామూలు మాటల్లో చెబితే, మెంటర్ ఉన్న గుంపులోని సగటు పిల్లవాడు మెంటర్ లేని వందమందిలో 58 మంది కన్నా కాస్త ముందుంటాడు. మెంటర్ లేకపోతే 50 మంది కన్నా ముందుండేవాడు. ప్రచార పత్రాల్లో రాసుకునేంత గొప్ప అంకె కాదు, పథకాన్ని మూసేయదగ్గంత చెత్త అంకె కూడా కాదు. పైగా ఇందులో ఏడాదిన్నర నిలిచిన జంటా, దసరా తర్వాత కనిపించకుండా పోయిన వలంటీరూ కలిసిపోయి ఉన్నారు.

ఆ గంటలో ఏం చేస్తారు

ఒక ఊహా సన్నివేశం చూద్దాం. లైబ్రరీలో ఓ మూల బల్ల. పన్నెండేళ్ల పిల్లవాడు, ఎదురుగా మెంటర్. లెక్కల్లో మార్కులు పడిపోయాయని క్లాస్ టీచర్ ముందే చెవిన వేశారు. ఒక రకం మెంటర్ కూర్చోగానే మొదలుపెడతాడు: “లెక్కల్లో ఇంత తక్కువొచ్చాయేం? రేపటి నుంచి రోజూ గంట చదువుతానని నాకు మాటివ్వు.” పిల్లవాడు “సరే సార్” అంటాడు. ఆ “సరే సార్” వాడు ఈ పాటికి చాలామందికి చెప్పి ఉంటాడు. రెండో రకం మెంటర్, “పోయినసారి చెస్ సగంలో ఆపేశాం, గుర్తుందా? నీ ఎత్తే” అంటాడు. నాలుగు వారాలు ఆటే నడుస్తుంది. అయిదో వారం, బోర్డు మీది నుంచి తల ఎత్తకుండానే, “లెక్కల సార్ బోర్డు దగ్గరికి పిలిస్తే నాకు చేతులు వణుకుతాయి సార్” అని బయటపెడతాడు.

1995లోనే 82 మెంటర్ జంటలను దగ్గరగా గమనించిన క్రిస్టీన్ మారో, మెలనీ స్టైల్స్ ఈ రెండు రకాలనూ చూశారు. మొదటి రోజు నుంచే పిల్లవాడిని సరిదిద్దాలని పూనుకున్న పెద్దల జంటలు చాలావరకు విరిగిపోయాయి. ముందు పరిచయం పెరగనిచ్చి, ఏం చేయాలన్నది పిల్లవాడితో కలిసి తేల్చుకున్న పెద్దల జంటలు దాదాపు అన్నీ నిలిచాయి.

అలాగని ఏడాదంతా చెస్ ఆడినా లాభం లేదు. 2020లో 48 అధ్యయనాలను పోల్చిన ఒక సమీక్షలో, స్నేహం ఒక్కటే లక్ష్యంగా నడిచిన కార్యక్రమాల కన్నా ఫలానా సమస్య మీద గురిపెట్టిన వాటి ప్రభావం రెట్టింపుకు పైగా ఉంది. పైన చెప్పినదానికి ఇది ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది కానీ, వరుస తెలిస్తే రెండూ కుదురుతాయి. చెస్ వల్లే చేతులు వణికే సంగతి బయటికొచ్చింది. అది బయటికొచ్చాక మెంటర్ ఇంకా చెస్ ఒక్కటే ఆడుతూ కూర్చుంటే అవకాశం చేజారినట్టే. లెక్కల టీచరుతో మాట్లాడి ఓ నెలపాటు బోర్డు దగ్గరికి బదులు నోట్‌బుక్‌లో చేయించమని అడగొచ్చు, ముందురోజే ఒక లెక్క ఇప్పించి సిద్ధం చేయొచ్చు. బడిలో జరిగే మెంటరింగ్‌కు ఉన్న అసలు సౌలభ్యం ఇదే. టీచరు పక్క గదిలోనే ఉంటారు. చాలా కార్యక్రమాల్లో మెంటరూ టీచరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఏడాది గడిచిపోతుంది.

గురిపెట్టిన పద్ధతికి మంచి ఉదాహరణ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1990లో మొదలైన చెక్ అండ్ కనెక్ట్. ఇందులో మెంటర్‌కు జీతం ఉంటుంది. ప్రతి విద్యార్థి హాజరు, ఆలస్యాలు, గొడవలు, మార్కులు క్రమం తప్పకుండా చూస్తాడు. ఏదైనా గీత దాటితే ఆ వారమే పిల్లవాడితో కూర్చుని ఏం చేయాలో ఆలోచిస్తాడు, ఇంటికి ఫోన్ చేస్తాడు. ఒప్పందం కనీసం రెండేళ్లకు, కుదిరినంతవరకు పిల్లవాడు బడి మారినా వదలడు. క్యాలెండర్ సమస్యకు ఇది నేరుగా చెప్పిన జవాబు. చదువు మధ్యలో మానేయకుండా పిల్లలను నిలబెట్టడంలో దీనికి గట్టి ఆధారాలున్నాయి. న్యూయార్క్ నగరం 2010 నుంచి 2013 దాకా ఇలాంటి ఆలోచనతోనే, ఏడాదిలో పదో వంతు రోజులు బడికి రాని పిల్లలకు సక్సెస్ మెంటర్లను పెట్టింది. అలా మెంటర్ దొరికిన పిల్లలు ఏడాదికి దాదాపు తొమ్మిది రోజులు ఎక్కువగా బడికొచ్చారు. మెంటర్ చేసే పని పొద్దున్నే గేటు దగ్గర పలకరించడం, రాకపోతే అదే రోజు ఇంటికి ఫోన్ చేసి “ఏమైంది, ఇవాళ కనిపించలేదు” అని అడగడం.

ఇక్కడ ఒక విషయం చూడండి. 2007 అధ్యయనంలో రెండో ఏడాదికి మిగిలిన ఒకే లాభం బడి ఎగ్గొట్టకపోవడం. మిన్నెసోటాలో, న్యూయార్క్‌లో కనిపించిందీ బడికి రావడం, బడిలో నిలవడమే. మార్కుల మీద మెంటరింగ్ ప్రభావం ఎప్పుడూ అంతంతమాత్రమే. మార్కులు పెంచాలనుకుంటే ఆ డబ్బుతో ట్యూటర్‌ను పెట్టడం మేలు. తను రాలేదని గమనించే మనిషి ఒకరు బడిలో ఉన్నారని పిల్లవాడికి తెలియడం, ఈ పని నమ్మకంగా ఇవ్వగలిగింది అదే.

మెంటర్‌తో తీరని కష్టాలు కూడా ఉన్నాయి. ఇంట్లో దెబ్బలు, లైంగిక వేధింపులు, చచ్చిపోవాలన్న మాటలు బయటపడితే అది వారానికో గంట వచ్చే వలంటీర్ మోయాల్సిన బరువు కాదు. ఆ రోజే బడిలో బాధ్యులైన వాళ్లకు చెప్పి తీరాలి. అందుకే “నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను” అని మెంటర్ ఎప్పుడూ మాట ఇవ్వకూడదు. మొదటి రోజే, “నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే తప్ప మన మాటలు మన మధ్యే ఉంటాయి” అని చెప్పేయాలి. అలాగే క్లాసు జరుగుతుండగా మైకులో పేరు పిలిచి పిల్లవాడిని బయటికి రప్పించడం లాంటివి చిన్నగా కనిపించినా, వాడికి ఓ ముద్ర తగిలిస్తాయి. పీఈటీ పీరియడ్‌లో పిలిస్తే ఇంకా ఘోరం, వారంలో వాడు ఇష్టపడే గంట అదొక్కటే కావచ్చు.

బడి పెద్దలు ఎవరైనా ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టాలనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది ముగింపు గురించి. మెంటర్ వెళ్లిపోయే రోజు ఎలాగూ వస్తుంది. నెల ముందే పిల్లవాడికి చెప్పాలి, ఇంకా ఎన్నిసార్లు కలుస్తారో తేదీలతో సహా చెప్పాలి, ‘ఫోన్ చేస్తుంటాలే’ అని నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు. వేసవిలో ఒకట్రెండు ఉత్తరాలో ఫోన్లో ఉంటే బంధం నిలుస్తుందని 2007 అధ్యయనం సూచించింది, అది కూడా సంస్థ ద్వారా, ఇంట్లోవాళ్లకు తెలిసి జరగాలి. మెంటర్ ఒక వారం రాలేకపోతే కోఆర్డినేటర్ వెళ్లి ఎందుకు రాలేదో పిల్లవాడికి చెప్పాలి. వలంటీర్లను తీసుకునేటప్పుడు వచ్చే విద్యా సంవత్సరం చివరిదాకా ఇదే ఊళ్లో ఉంటారా అని అడగాలి, తెలియదంటే పిల్లలతో జోడీ కట్టకుండా గ్రంథాలయంలోనో ఆటల పోటీల్లోనో వేరే పని అప్పజెప్పాలి. నలభై మంది ఉత్సాహంగా చేతులెత్తిన సభలో ఇరవై అయిదు మందిని ఇలా పక్కకు మళ్లించడం ఏ హెడ్మాస్టరుకైనా ఇబ్బందే, అందులోనూ వాళ్లలో సగం మంది దాతలైతే.